నాలుగు పుంజీల మూడు

చిన్నపిల్లలకు ఆటలో పెట్టి పాఠం చెప్పాలని ఇప్పుడు ఊరూరా చెబుతున్నారు. శిక్షణ ముగించుకొని వచ్చిన పంతులమ్మలు సెలవుల్లో నన్ను చూడడానికి వస్తారు. "మీరు ఆ రోజుల్లోనే చింతపిక్కలతో లెక్కలు చెప్పేవారటగదండీ!" అని ఆశ్చర్యపోతారు. అవునంటాను. పిక్కలు ఎలా కడిగి ఆరబెట్టాలి, ఒక్కో పిల్లకు ఎన్ని ఇవ్వాలి, ఏ వయసులో ఎంత లెక్క మొదలుపెట్టాలి, అన్నీ చెప్పి పంపుతాను. అడిగినదానికి జవాబు చెప్పడంలో నేనెప్పుడూ లోటు చెయ్యలేదు. వాళ్ళు అడగనిది ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను ముప్పై ఒక్క ఏళ్ళ నాలుగు నెలలు, మూడు ఊళ్ళలో బడి చెప్పాను. ఇది మొదటి ఊళ్ళో, నేను చేరిన రెండో ఏడు జరిగింది. తేదీలన్నీ నా చిన్న పుస్తకంలో ఉన్నాయి. నెలా రోజూ రాస్తాను గాని సంవత్సరం రాయను. రాస్తే ఆ పిల్ల ఎవరో ఆ చుట్టుపక్కలవాళ్ళు పోల్చుకుంటారు. పోయిన శతాబ్దం ఇంకా ఆరేడేళ్ళు మిగిలి ఉందనుకుంటే చాలు.

ఊరు పెద్దాపురానికి నాలుగు కోసుల దూరంలో, కాలువ లాకు పక్కన. రాజమండ్రిలో పొద్దున్నే పడవెక్కితే దీపాలవేళకు ఆ లాకు దగ్గర దిగేదాన్ని. మావాళ్ళు మా తాత నాడే క్రైస్తవంలో కలిశారు. నాన్న చర్చిలో ఉపదేశిగా పనిచేస్తూ పోయాడు. నేను మిషను బోర్డింగులో చదువుకొని ఇరవై రెండో ఏట ఆ బడికి పంతులమ్మనై వచ్చాను. అమ్మ నా దగ్గరే ఉండేది. ఇద్దరికీ నా జీతమే ఆధారం.

బడి ఒక తాటాకు పాక. ముందు ఇసుక పోసిన వాకిలి. వచ్చేవాళ్ళు రైతుల ఆడపిల్లలు, ఇరవై ముగ్గురు. పలక నా చేతి నుంచి అందుకొనేవారు కారు. నేల మీద పెడితే తీసుకొనేవారు. సాయంత్రం ఇంటికి పోయి నూతి దగ్గర నీళ్ళు పోసుకొన్నాకే గడప దాటేవారు. అది వాళ్ళకూ నాకూ అలవాటే. దాని గురించి నేను అప్పట్లో బాధపడ్డానని ఇప్పుడు రాస్తే అది కల్పన అవుతుంది.

నేను చదువుకొన్న పద్ధతిలోనే నేనూ చెప్పాను. ఎక్కాలు గొంతెత్తి చదివించడం, ఒక్కొక్కరినీ లేపి అడగడం, తప్పితే గోడకుర్చీ వేయించడం. బెత్తం మాత్రం లేదు. మా బళ్ళన్నిటి మీదా పెత్తనం ఉన్న దొరసానికి బెత్తం గిట్టేది కాదు. గోడకుర్చీ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ పిల్ల జూలై మూడు, సోమవారం చేరింది. ఏడేళ్ళది. ఏడాది నిండని తమ్ముణ్ణి చంకనేసుకొని, తండ్రి వెనక నిలబడింది. తండ్రి కాలువ కింద మూడెకరాలు చేసుకొనే రైతు. నిదానంగా మాట్లాడే మనిషి.

"పిల్లకి నోరు పెగల్దండి," అన్నాడు. "మా అమ్మ మొద్దంటాదండి. మొద్దో కాదో మీరు చూసి చెప్పండి. ఈ ఏడు పరీక్ష నెగ్గిందా, చదివిస్తాను. నెగ్గలేదా, బుడ్డోణ్ణి ఎత్తుకుని ఇంటికాడే ఉంటాది."

"ఇంటి దగ్గర ఉండే పిల్ల మొద్దయితే మీకొచ్చే నష్టమేంటండీ?" అన్నాను. నాకప్పుడు నోటి దురుసు ఎక్కువ.

ఆయన కోప్పడలేదు. "నాకేం నష్టమండి. ఇక్కడ మొద్దని పేరు పడితే రేపు అత్తోరింట్లో కూడా అదే పేరెట్టి పిలుస్తారు కదండీ," అన్నాడు.

జూలై మూడు నుంచి ఆగస్టు పదమూడు దాకా నలభై రెండు రోజులు. ఆరు ఆదివారాలు, మరిడమ్మ తీర్థానికి బడి మూసిన రెండు రోజులు తీసేస్తే పనిదినాలు ముప్పై నాలుగు. ఆ ముప్పై నాలుగు రోజులూ ఆ పిల్ల బళ్ళో ఒక్క మాట మాట్లాడలేదు. పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడేది. పరికిణీ అంచు ఎత్తి నోట్లో కుక్కుకొనేది. గట్టిగా అడిగితే రెండుసార్లు నిలబడినచోటే నేల తడిపింది. మిగతా పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు గాని నవ్వినవాళ్ళను ఆపనూ లేదు. పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా రోజుకొక సున్న పెట్టుకుంటూ పోయాను. ముప్పై నాలుగు సున్నలు. మొద్దేనని నేనూ తేల్చుకొన్నాను.

ఆగస్టు పద్నాలుగు, సోమవారం, మధ్యాహ్నం గంట కొట్టాక ఇద్దరు పెద్దపిల్లలు వాకిట్లో వామనగుంటలు ఆడుతున్నారు. ఇసుకలో అటేడు ఇటేడు గుంటలు తీసి, గుంటకిన్ని చింతపిక్కలు పోసి, ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. ఎవరి గుంటలోనైనా నాలుగు కూడితే అది పుంజీ. ఆ నాలుగూ ఆమెవి. ఖాళీ గుంట వస్తే దాన్ని చేత్తో తుడిచి తరవాతి గుంటలోవి తీసుకోవాలి. మా ప్రాంతంలో ఆడపిల్లలందరికీ వచ్చిన ఆటే. నేను పాక గుమ్మంలో కూర్చొని హాజరు కూడుకొంటున్నాను. ఆ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకొని ఆడేవాళ్ళ వెనక నిలబడి ఉంది.

"అది తియ్యకక్కా," అన్న మాట వినపడింది. "అది తీస్తే అక్కడితో అయిపోద్ది. ఈ చివరిది తియ్యి. రెండు పుంజీలొస్తాయి."

ఎవరు మాట్లాడారో నాకు ముందు తెలియలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు మరి. ఆడుతున్న పిల్ల కూడా తల ఎత్తి చూసింది. "నీకెలా తెలుసే?" అంది. చివరి గుంటలోవి తీసి వేసుకుంటూ పోతే రెండు పుంజీలు వచ్చాయి. పిక్కలు వెయ్యకముందే ఆ పిల్ల కళ్ళతోనే గుంటలన్నీ చుట్టి వచ్చేసిందన్నమాట. ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళాక నేను ఆ ఆటను కాగితం మీద వేసుకొని చూశాను. నాకు పావుగంట పట్టింది.

నా జీవితంలో నేను చేసిన తెలివైన పని ఒకటే. మర్నాడు ఆ పిల్లను లేపి అడగలేదు. మధ్యాహ్నం వెళ్ళి గుంటల ముందు కూర్చొని, "నాతో ఎవరాడతారు?" అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు. పంతులమ్మ చెయ్యి పెట్టిన గుంటలో చెయ్యి పెట్టడమా అని వాళ్ళ సందేహం. పెద్దపిల్ల ఒకతె తేల్చేసింది.

"ఎలాగూ ఇంటికెళ్ళి నీళ్ళోసుకుంటాం కదే. పలకకైతేనేం, పిక్కకైతేనేం?"

ఆ పిల్ల నా ఎదురుగా కూర్చొంది. తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకొని ఒంటిచేత్తో ఆడింది. నేను ఓడిపోయాను. వరసగా నాలుగు రోజులు ఓడిపోయాను. పిల్లకు ధైర్యం రావాలని కావాలనే ఓడానని చదివేవాళ్ళు అనుకోవద్దు. గెలవాలనే ఆడాను.

అక్కణ్ణుంచి నెమ్మదిగా నడిచింది. ఆట అయ్యాక, "ఎన్ని గెలిచావు?" అని మాత్రం అడిగేదాన్ని. "ఆరు పుంజీల రెండండి," అనేది. "పలక మీద వెయ్యి," అంటే నాలుగేసి చుక్కలు ఆరు వరసలు, విడిగా రెండు వేసేది. వాటి పక్కన ఇరవై ఆరు అని నేను రాసేదాన్ని. పది రోజులకు ఆ అంకె తానే రాసింది. సందేహం వస్తే మళ్ళీ గుంటలోకి పిక్కలు పోసి మొదటినుంచి లెక్కపెట్టుకోవచ్చని, ఆఖరి పిక్క పడేదాకా చూసేవాళ్ళెవరూ నవ్వకూడదని రెండు షరతులు పెట్టాను. ఇంతే. ఇదే ఇప్పుడు నన్ను అడిగి రాసుకొని వెళుతున్న పద్ధతి. తప్పు అనేది మళ్ళీ వేసుకొనే పిక్క మాత్రమేనని తెలిశాక ఆ పిల్ల పరికిణీ అంచు నోట్లోంచి తీసేసింది.

సెప్టెంబరు ఆఖరుకు నూరు దాకా కూడికలు, తీసివేతలు నోటితో చెబుతోంది. తనకంటే పెద్దవాళ్ళు ముగ్గురికి నేర్పుతోంది. గద్దించి మరీ నేర్పుతోంది. "తొందరెందుకే? పిక్కలేమన్నా పారిపోతాయా?" అని ఆమె అంటుంటే విని నాలో నేను నవ్వుకొన్నాను. లెక్కలతో పాటు అక్షరాలూ వచ్చాయి. ఒకదానిలో వచ్చిన ధైర్యం రెండోదానిలోకి దానంతటదే పోయింది. నేను చేసిందేమీ లేదు.

లాకు దగ్గర తండ్రి కనపడ్డాడు. "పంతులమ్మగారండీ, ఏం చదువు చెప్పేరో గానండి, మా అమ్మ ఉట్టి మీద దాసిన అరిసెలు ఎన్ని తగ్గేయో ఇది చెప్పేస్తందండి. ఇంట్లో నాకు దొంగతనం లేకుండా చేసేరు," అన్నాడు. వెళుతూ వెళుతూ ఆగి, "మా అమ్మ ఇప్పుడు మొద్దనట్లేదండి," అన్నాడు.

అక్టోబరు పది, మంగళవారం, దొరసాని చెప్పకుండా వచ్చింది. పిల్లలు ఆటలో ఉన్నారు. ఆమె రాజమండ్రిలో మున్షీ దగ్గర తెలుగు నేర్చుకొంది. తప్పు లేకుండా మాట్లాడేది, కాగితంలో చదివినట్టు.

"ఇది ఏమి?"

"వామనగుంటలండి. దీంతో లెక్కలు నేర్పుతున్నాను."

"ఇది జూదము. మన బడిలో జూదము కూడదు."

"పందెం లేదండి."

"పందెము నేడు లేదు, రేపు వచ్చును. వీరి తల్లులు రాత్రులు దీనితో జాగారములు చేయుదురు. నాకు తెలియును."

ఇకమీదట ఆడించనని నా చేత కాగితం రాయించుకొంది. ఆమె పడవ వెళ్ళాక పద్నాలుగు గుంటలూ నా చేత్తోనే పూడ్చాను. మర్నాడు ఆ పిల్లను లేపి అడిగితే జవాబు రాలేదు. రెండో రోజూ రాలేదు. ఐదో రోజున అంచు మళ్ళీ నోట్లోకి వెళ్ళింది. ఆరో రోజు పాక వెనక, బయటికి కనపడని చోట, మళ్ళీ గుంటలు తీశాను. పిల్లలు ఎందుకని అడగలేదు. ఎవరికీ చెప్పవద్దని నేనూ అనలేదు. అని ఉంటే బాగుండేది. కాదు, దాచమని పిల్లలకు నేర్పడం ఇంకా హీనం. ఈ రెంటిలో ఏది సరో ఇంతవరకూ తేల్చుకోలేదు.

నవంబరు ఇరవై, సోమవారం, దొరసాని మళ్ళీ వచ్చింది. ఈసారి ఓడ మీద వచ్చిన కొయ్యపెట్టె ఒకటి తెచ్చింది. అందులో రంగు ఉన్నిబంతులు ఆరు, కొయ్యదిమ్మెలు ఎనిమిది, రంగుపుల్లలు యాభై. వెరసి అరవై నాలుగు.

"బిడ్డలు ఆటవలన నేర్చుకొనవలెను," అని నాతో చెప్పింది. "ఇది మా దేశములలో కనిపెట్టిన కొత్త పద్ధతి. పరీక్షాధికారి దీనిని చూచి సంతోషించును. ఒక్కటి పోయినను నీవే ఉత్తరవాదివి."

ఇందులో దొరసానిని ఆడిపోసుకోవడం సులభం. కాని పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉంది. ఒక్క పుల్ల పోతుందేమో, ఒక్క బంతి మాస్తుందేమో అని తాళం తియ్యనిది నేనే. పరీక్ష దాకా ఎనభై ఐదు రోజుల్లో రెండు శనివారాలు, అరగంట చొప్పున, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకొన్నాను. అరవై నాలుగూ భద్రంగా ఉన్నాయి.

ఫిబ్రవరి పదమూడు, మంగళవారం పరీక్ష. దొరసాని ఒక కుర్చీలో, బళ్ళకు సర్కారు గ్రాంటు ఇప్పించే పరీక్షాధికారి ఒక కుర్చీలో కూర్చొన్నారు. ఆయన దక్షిణాన అరవదేశం నుంచి వచ్చినవారు. తెలుగు చక్కగానే మాట్లాడేవారు. అప్పట్లో పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి చదువు, రాత, లెక్క మూడూ అడిగి, నెగ్గినదీ తప్పినదీ అక్కడికక్కడే వేసుకొనేవారు. మొదటి తరగతిలో తొమ్మిది మంది. ఆ పిల్ల ఏడోది. తండ్రి పొద్దున పిల్లను దింపి వెళుతూ, "సాయంత్రం లాకు దగ్గర ఉంటానండి, కబురు చెప్పండి," అన్నాడు. ఉతికిన పంచె కట్టుకొన్నాడు.

పిల్ల వచ్చి ఆయన ముందు చాప మీద కూర్చొంది. తమ్ముణ్ణి ఇంకో పిల్లకు ఇచ్చి వచ్చింది. ఆయన పెట్టెలోంచి గుప్పెడు రంగుపుల్లలు తీసి చాప మీద పోశారు.

"ఎన్నో చెప్పమ్మా."

పిల్ల చెయ్యి నాలుగుసార్లు కదిలింది. నాలుగు కుప్పలయ్యాయి. "నాలుగు పుంజీల మూడండి," అంది. వెంటనే, "పంతొమ్మిదండి," అంది. గొంతు పాకంతా వినపడింది.

ఆయన కాస్త ముందుకు వంగారు. మొహంలో నవ్వు వచ్చింది.

"పుంజీలా! ఇది వామనగుంటల లెక్క కదమ్మా? ఎవరు నేర్పారు?"

"పంతులమ్మగారేనండి. రోజూ ఆడతామండి, పాక ఎనకాల." ఆయన నవ్వు చూసి పిల్లకు ఇంకా హుషారొచ్చింది. "పంతులమ్మగారు ఓడిపోతారండి. నేనే గెలుస్తానండి."

వెనక కూర్చొన్న పిల్లలు కిసుక్కుమన్నారు. దొరసాని నా వైపు తిరిగింది.

"నీవు నాకు వ్రాసి ఇచ్చితివి కదా?"

"లేదండి," అన్నాను. "పిల్ల అబద్ధమాడుతోంది. ఇంట్లో ఆడే ఆట బళ్ళో ఆడినట్టు చెబుతోంది."

తొమ్మిది మాటలు. తరవాత లెక్కపెట్టుకొన్నాను. ఆ క్షణంలో నాకు అమ్మ గుర్తొచ్చిందని, జీతం గుర్తొచ్చిందని చెప్పుకోవచ్చు. నిజానికి ఏదీ గుర్తు రాలేదు. నోరు దానంతటది పలికింది, ఎక్కం అప్పజెప్పినట్టు.

పాకలో ఇంకా ఇరవై ఇద్దరు పిల్లలున్నారు. నిజమేమిటో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. పెద్దపిల్లలు నేల చూపులు చూశారు. వాళ్ళందరికీ ఒకేసారి, ఒక్క పూటలో, నేను బాగా నేర్పిన పాఠం అదొక్కటే.

ఆ పిల్ల ఏడవలేదు. నా మొహంలోకి చూసింది. నేను ఇంకా ఏదో అంటానని చూసింది. పరీక్షాధికారి, "సరే, అది పోనీ," అని, "ఏడూ అయిదూ ఎంతమ్మా?" అన్నారు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన లెక్క. పిల్ల ఇంకా నన్నే చూస్తోంది. ఆయన మళ్ళీ అడిగారు. పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టి చదవమన్నారు. పలక ఇచ్చి తన పేరు రాయమన్నారు. "భయం లేదమ్మా," అని కూడా అన్నారు. చాలాసేపే ఆగారు. పిల్ల చెయ్యి పరికిణీ అంచు దగ్గరికి వెళ్ళింది. ఆయన కలం తీసి మూడు గళ్ళలోనూ తప్పినట్టు వేసుకొన్నారు.

మిగతా ఎనిమిది మందీ నెగ్గారు. దొరసాని వెళ్ళేటప్పుడు సంతోషంగానే వెళ్ళింది.

సాయంత్రం నేను లాకు దగ్గరికి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్న తండ్రే బడికి వచ్చాడు. పిల్ల కూడా వచ్చింది, చంకలో తమ్ముడితో. చెంప మీద వాతలు తేలి ఉన్నాయి.

"కొట్టారా?" అన్నాను.

"నాలుగు తగిలించేనండి. తప్పిందంటే తప్పిందనుకుంటానండి, దానికేముంది. అదికారుల ముందు అబద్దాలాడిందంట. ఊరంతా అనుకుంటన్నారు. మా ఇంటావంటా లేదండీ ఇది." ఆయన గొంతులో కోపం కంటె సిగ్గు ఎక్కువ వినపడింది. "మొద్దయినా బాగుండునండి. మొద్దుకి అబద్దాలు చేతకావు."

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. దొరసాని లేదు, అధికారి లేరు. ఆయనా, నేనూ, పిల్లా. చెబితే ఆ కబురు వారం తిరక్కముందే రాజమండ్రిలో దొరసానికి చేరేది. నేను అన్న మాట ఇది: "వచ్చే ఏడు మళ్ళీ చూద్దామండి."

"ఇంకెక్కడి వచ్చే ఏడండి," అన్నాడు. దణ్ణం పెట్టి వెళ్ళాడు. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.

మార్చి పంతొమ్మిదిన పరీక్షాధికారి రాసిన నివేదిక నకలు బడికి వచ్చింది. మా బడి గురించి ఆరు వాక్యాలున్నాయి. ఐదోదానిలో, పల్లె ఆటలతో లెక్కలు నేర్పే మంచి ప్రయత్నమేదో ఇక్కడ జరుగుతోందని మొదట సంతోషించాననీ, పంతులమ్మ కాదన్నదనీ రాశారు. ఆయన నవ్వింది మెచ్చుకొని. నేను అవునని ఉంటే దొరసాని ఎంత మండిపడ్డా ఆయన మాట మీద నా ఉద్యోగం నిలిచేది. పిల్ల నెగ్గేది. నన్ను నేను కాపాడుకోవలసిన అవసరమే లేనిచోట కాపాడుకొన్నాను.

బడి నుంచి వాళ్ళ ఇంటికి నాలుగు వందల పన్నెండు అడుగులు. ఆ నెల్లో ఒక సాయంత్రం లెక్కపెట్టాను. దడి దాకా వెళ్ళాను. లోపల ఆ పిల్ల తమ్ముణ్ణి ఆడిస్తోంది. మాటలు లేకుండా, చప్పట్లతో. ముసలామె గొంతు వినపడింది: "ఏమే మొద్దూ, నీళ్ళు తోడేవా?" ఆ నాలుగు వందల పన్నెండు అడుగులూ వెనక్కి నడిచి వచ్చేశాను.

తరవాత సంగతులు తొందరగా చెబుతాను. నాలుగేళ్ళకు ఆ దొరసాని తన దేశం వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చినామె పెట్టెను చూసి, ఇంత ఖర్చెందుకు, ఈ దేశంలో దొరికే గింజలతో ఆడించకూడదా అంది. ఆడించవచ్చన్నాను. రాజమండ్రి పిలిపించి తోటి పంతులమ్మలకు నా చేత చెప్పించారు. నల్లబల్ల మీద పద్నాలుగు గుంటలు గీసి చెప్పాను. బాగా చెప్పానన్నారు. నిజంగానే బాగా చెప్పాను.

ఆ పరీక్ష జరిగిన పదహారేళ్ళకు నన్ను రెండో ఊరికి మార్చారు. జూన్ నెలలో ఇల్లిల్లూ తిరిగి ఐదేళ్ళు దాటిన ఆడపిల్లలను బళ్ళో చేర్పించుకోవడం మా పని. పదకొండో ఇంటి వాకిట్లో ఒకామె మామిడితాండ్ర వేస్తోంది. తాటిచాపలు పరిచి, నిన్నటి పొర మీద ఇవాళ్టి రసం పోసి అరచేత్తో సమంగా పూస్తోంది. ఆరేళ్ళ పిల్ల కర్ర పట్టుకొని కాకుల్ని తోలుతోంది. ఆమె తలెత్తింది. ఆ చూపు నాకు తెలుసు.

"నన్ను గుర్తుపట్టావా?" అన్నాను.

"పట్టకేమండి. కూచోండి. ఆ పీట తేవే, పంతులమ్మగారికి." పని ఆపలేదు. "మీరు రాజమండ్రిలో పంతులమ్మలందరికీ పిక్కల లెక్క నేర్పేరంటగా. మా ఆడపడుచు కూతురు చెప్పింది."

"అవును."

"మంచిదండి. ఇప్పుడది తప్పు కాదన్నమాట."

నేను చెప్పవలసింది చెప్పేశాను. ఆ రోజు అబద్ధమాడింది నేను, నువ్వు కాదు, అన్నాను.

"తెలుసండి," అంది. "నేనక్కడే ఉన్నాను కదండీ." ఇంకో గరిటెడు రసం పోసి పూసింది. "నాకు చెప్పి ఏం లాబమండి. మా నాన్నకి చెప్పాల్సింది. ఆయన పోయి రెండేళ్ళయింది. పోయేదాకా నేనేదన్నా చెబితే ఇంకోళ్ళని అడిగి గాని నమ్మేవాడు కాదండి. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. అడిగేవాడంతే."

"నీ కూతుర్ని పంపు," అన్నాను. "నేను చూసుకుంటాను."

"మీరు చూసుకుంటారనేనండి నా బయ్యం," అని నవ్వింది. ఆ నవ్వులో కసి ఉందో లేదో నేను తేల్చలేను. "దానికి లెక్కలొచ్చండి. నేనే చెప్పేను, నూటికి పైన చెప్పుద్ది. కానీ మీరడిగితే చెప్పదు."

"ఎందుకని?"

"నేనే చెప్పొద్దన్నానండి. ఎవరేం అడిగినా తెలీదనమన్నాను. తెలీదన్నోళ్ళని అబద్దమాడేవని ఎవరన్నా అంటారేంటండీ?"

నేను ఆ చిన్నపిల్ల వైపు తిరిగాను. "ఈ చాపలు ఎన్నమ్మా?" అన్నాను. పిల్ల కళ్ళు వాకిలి ఆ చివరి నుంచి ఈ చివరికి చాప చాప మీదుగా వచ్చాయి. లెక్క పూర్తయిందని నాకు తెలిసింది. అప్పుడు తల్లి వైపు చూసింది. తల్లి తలెత్తలేదు.

"తెలీదండి," అంది పిల్ల. చాలా మర్యాదగా అంది.

తొమ్మిది చాపలు. నేను లేచాను. తల్లి చెయ్యి కడుక్కొని, నిన్నటి తాండ్ర ముక్క ఒకటి ఆకులో చుట్టి పీట మీద పెట్టింది. తీసుకొన్నాను.

ఆ సాయంత్రం బళ్ళో చేరని పిల్లల పట్టీలో ఆ పిల్ల వయసు ఆరు అని వేసి, కారణం రాయవలసిన చోట 'తల్లికి ఇష్టం లేదు' అని రాశాను. అసలు కారణం నేనని తెలిసీ దిద్దలేదు. పట్టీ అలాగే పైకి పంపాను.